లియాన్ రసెల్‌ని ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? వెనక, పక్కన, ముందు: మూడు వైపుల నుంచి ఒక పోలిక

ఎల్టన్ జాన్ తనమీద ప్రభావం చూపినవాళ్ల గురించి చెప్పినప్పుడల్లా అమెరికన్ పియానో వాద్యకారుడు, గాయకుడు, పాటల రచయిత లియాన్ రసెల్ పేరు వస్తుంది. 1971 బంగ్లాదేశ్ సహాయ కచేరీ వీడియో చూసినవాళ్లయితే, పియానో ముందు పొడుగు జుట్టుతో కూర్చుని ఉన్నట్టుండి హాలంతటినీ ఊపేసిన మనిషి ఎవరా అని ఆరా తీస్తారు. కార్పెంటర్స్ అభిమానులకు పాటల రచయితల పేర్లలో తగులుతాడు. ఇలా ఎవరి వెంటో వచ్చి ఈ పేరు దగ్గర ఆగి, స్ట్రీమింగ్ యాప్‌లో వెతికితే ముప్ఫైకి పైగా ఆల్బమ్‌లు కనిపిస్తాయి. రాక్, గోస్పెల్ (చర్చి భక్తి పాటలు), కంట్రీ, బ్లూగ్రాస్, పాతకాలపు జాజ్ పాటలు, అన్నీ ఉంటాయి. ఏది నొక్కాలో అర్థం కాదు. ఏదో ఒకటి నొక్కితే, ముక్కుతో సాగదీస్తున్నట్టున్న గరుకు గొంతు ఒకటి పలుకుతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ గొంతుకి అలవాటు పడే దారి ఒకటి ఉంది. అసలు ఆ గొంతు జోలికి పోకుండానే ఈ మనిషి సంగీతాన్ని ఇష్టపడే దారి కూడా ఉంది. మీకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికే ఈ పోలిక.

మనిషి గురించి నాలుగు ముక్కలు. రసెల్ 1942 ఏప్రిల్ 2న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, లాటన్ ఊళ్లో పుట్టాడు. అసలు పేరు క్లాడ్ రసెల్ బ్రిడ్జెస్. పుట్టేటప్పుడు మెడ దగ్గరి వెన్నుపూసలకు తగిలిన దెబ్బవల్ల కుడివైపు కొంచెం పట్టు తగ్గింది. అయినా నాలుగో ఏట పియానో ముందు కూర్చున్నాడు. కుడిచేతికి ఏది వీలవుతుందో చూసుకుని దాని చుట్టూ తన వాయింపును కట్టుకున్నాడు. అతని పియానోలో ఎడమచేతి బరువు అంతగా వినబడటానికి అదొక కారణం. పద్నాలుగో ఏటికల్లా టల్సా నైట్‌క్లబ్బుల్లో వాయించేవాడు. అక్కడికి వెళ్లే వయసు లేదు కాబట్టి స్నేహితుడి గుర్తింపు కార్డు తెచ్చుకున్నాడు. లియాన్ అన్నది ఆ కార్డు మీది పేరు. ఇంకా టీనేజ్‌లో ఉండగానే లాస్ ఏంజెలెస్ చేరి, పియానోతో పాటు గిటార్, బేస్, ఇంకా చేతికందిన ప్రతి వాద్యమూ వాయిస్తూ స్టూడియోల్లో స్థిరపడ్డాడు.

అక్కడినుంచి 2016లో చనిపోయేదాకా అతని పని మూడు చోట్ల సాగింది. ఇతరుల వెనక పేరు లేకుండా వాయించడం (దీన్నే సెషన్ పని అంటారు), ఇతరుల పక్కన ఉండి మొత్తం కచేరీని నడపడం, తానే ముందుకొచ్చి పాడటం. ఏ ఆల్బమ్ తీసుకున్నా ఈ మూడింట్లో ఒకదానికి చెందుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రసెల్ గొప్పతనం ఎక్కువగా రెండోదాంట్లో ఉంది. కానీ కొత్తగా వినేవాళ్లు మొదలుపెట్టాల్సింది మాత్రం మూడోదాంతో. ఎందుకో కింద వస్తుంది.

## వినేముందు చూసుకోవాల్సినవి

మొదటిది గొంతు. శ్రుతిలో కుదురుగా, మృదువుగా నిలిచే గొంతులకి అలవాటైన చెవికి రసెల్ మొదట్లో ఇబ్బంది పెడతాడు. మాటల చివర్లు సాగదీస్తాడు, కొన్ని మాటలు మింగేస్తాడు. గోస్పెల్ చర్చిలో పాస్టర్ ప్రసంగానికీ పాటకీ మధ్య ఊగుతున్నట్టుంటుంది. ఇది మీకు పడుతుందో లేదో ఒక్క పాటలో తేలిపోతుంది.

రెండోది, మీకు మనిషి కావాలా, సందడి కావాలా? ఒక్క పియానో, ఒక్క గొంతు వినాలనుకునేవాళ్లకీ, ముగ్గురు డ్రమ్మర్లు, ట్రంపెట్లు, పదిమంది కోరస్ ఒకేసారి మీద పడితే గానీ తృప్తి లేనివాళ్లకీ ఒకే ఆల్బమ్ చెప్పలేం.

మూడోది ఓపిక. ఇతని పేరుమీదా, ఇతను ఉన్నవాటిలోనూ మూడేసి ఎల్పీల (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డుల) సెట్లు రెండు ఉన్నాయి. రెండూ మంచి పేరున్నవే. తొలిసారి వినేవాళ్లకి రెండూ బరువే.

రికార్డింగ్ నాణ్యత గురించి కూడా కొందరు అడుగుతారు. 1970ల లైవ్ రికార్డింగుల్లో పక్క మైకుల్లోకి చొరబడిన శబ్దం ఉంటుంది. అది నచ్చనివాళ్లు స్టూడియో ఆల్బమ్‌లకే పరిమితమైతే నష్టమేమీ లేదు.

| ఏది | సంవత్సరం | రసెల్ ఎక్కడున్నాడు | అతని గొంతు | నిడివి | ఎవరికి |
|---|---|---|---|---|---|
| లాస్ ఏంజెలెస్ సెషన్ పాటలు | 1960లు | వెనక | లేదు | విడి పాటలు | స్టూడియో పని మీద ఆసక్తి ఉన్నవాళ్లకి |
| మ్యాడ్ డాగ్స్ అండ్ ఇంగ్లిష్‌మెన్ | 1970 | జో కాకర్ పక్కన | కొద్దిగా | రెండు ఎల్పీలు | సందడి కావాల్సినవాళ్లకి |
| లియాన్ రసెల్ | 1970 | ముందు | నిండుగా | ఒక ఎల్పీ | ఎక్కువమందికి |
| కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్ | 1971 | జార్జ్ హారిసన్ పక్కన, కాసేపు ముందు | ఒక మెడ్లీ (కలిపి పాడిన పాటలు), ఒక చరణం | మూడు ఎల్పీలు | బీటిల్స్, రవిశంకర్ అభిమానులకి |
| కార్నీ | 1972 | ముందు | నిండుగా | ఒక ఎల్పీ | పాటల నిర్మాణం ఇష్టపడేవాళ్లకి |
| లియాన్ లైవ్ | 1973 | ముందు | నిండుగా, అరుపులతో | మూడు ఎల్పీలు | ఇప్పటికే అభిమానులైనవాళ్లకి |
| హ్యాంక్ విల్సన్స్ బ్యాక్ | 1973 | ముందు, మారుపేరుతో | నిండుగా | ఒక ఎల్పీ | కంట్రీ అభిమానులకి |
| ది యూనియన్ | 2010 | ఎల్టన్ జాన్ పక్కన | సగం | ఒక సీడీ | శుభ్రమైన రికార్డింగ్ కోరేవాళ్లకి |

## వెనక: పేరు లేని ఏళ్లు

1960లలో లాస్ ఏంజెలెస్‌లో హిట్ పాటల వెనక వాయించినవాళ్లు చాలావరకు ఒకే గుంపు. ఆ గుంపుకి రెకింగ్ క్రూ అన్న పేరు తరవాత స్థిరపడింది. రేడియోలో ఒక బ్యాండ్ పేరు వినిపిస్తుంది, స్టూడియోలో వాయించింది వీళ్లు. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో తెలుగు పాటలకి వాయించిన వయొలిన్, తబలా, గిటార్ కళాకారుల పేర్లు క్యాసెట్ అట్టమీద వెతుక్కున్న మనకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

ఈ దశలో రసెల్‌ని వినాలంటే బర్డ్స్ బృందం 1965లో విడుదల చేసిన 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' ప్రసిద్ధమైన ఉదాహరణ. అమెరికా, బ్రిటన్ రెండుచోట్లా నంబర్ వన్ అయింది. ఆ పాటలో సొంత బ్యాండ్ నుంచి వాద్యం పట్టుకున్నది రోజర్ మెగ్విన్ ఒక్కడే, పన్నెండు తీగల గిటార్‌తో. మిగతాది సెషన్ వాళ్లది. ఎలక్ట్రిక్ పియానో రసెల్‌ది. పాట పెట్టుకుని ఆ పియానోని పట్టుకోవడానికి ప్రయత్నించండి. గిటార్ గలగలల కింద అది దాదాపు కరిగిపోయి ఉంటుంది. ఫిల్ స్పెక్టర్ 1963 క్రిస్మస్ ఆల్బమ్‌లో పరిస్థితి ఇంకా కష్టం. ఒకే స్వరాన్ని చాలా వాద్యాలతో ఒకేసారి వాయింపజేసి, ప్రతిధ్వని గదిలోంచి పంపి, అన్నిటినీ ఒకే గోడలా కట్టడం స్పెక్టర్ పద్ధతి. ఆ గోడలో ఏ ఇటుక ఎవరిదో చెప్పలేం.

అతని బుర్ర పనిచేసిన తీరు తెలియాలంటే గ్యారీ లూయిస్ అండ్ ది ప్లేబాయ్స్ పాటలు మెరుగు. హాస్యనటుడు జెర్రీ లూయిస్ కొడుకు గ్యారీ. పెద్ద గాయకుడేమీ కాదు. 1965లో నంబర్ వన్ అయిన 'దిస్ డైమండ్ రింగ్'కి వాద్యగోష్ఠి కూర్చింది రసెల్. తరవాతి హిట్లలో కొన్నిటికి రచనలో కూడా చెయ్యి వేశాడు. బలహీనమైన గొంతు చుట్టూ ఏ వాద్యం ఎక్కడ పెడితే పాట నిలబడుతుందో అతనికి అప్పటికే బాగా తెలుసు. ఆ విద్యే తరవాత తన సొంత గొంతుకి అక్కరకొచ్చింది.

ఇంత చెప్పినా, మొదటిసారి వినేవాళ్లకి ఈ దారి నేను చెప్పను. ఇక్కడ రసెల్‌ని వెతుక్కోవడమే సరిపోతుంది, వినడానికి ఏమీ మిగలదు. స్టూడియోలో కీబోర్డ్ వాయించడం వృత్తిగా పెట్టుకున్నవాళ్లు, లేదా పెట్టుకోవాలనుకుంటున్నవాళ్లు మాత్రం ఇక్కడినుంచే రావాలి. పాటని మింగకుండా పాటలో ఎలా ఉండాలో ఇంతకన్నా బాగా నేర్పేవి తక్కువ.

అదే గుంపులోంచి గిటార్ వాద్యకారుడు గ్లెన్ క్యాంప్‌బెల్ కూడా ముందుకొచ్చి పెద్ద గాయకుడయ్యాడు. నున్నటి గొంతు, టీవీకి నప్పే ముఖం. సెషన్ నుంచి స్టార్ అయిన కథ కావాలి, గరుకు గొంతు వద్దు అనుకుంటే మీరు వెళ్లాల్సింది అటువైపు.

## పక్కన: మ్యాడ్ డాగ్సా, బంగ్లాదేశా?

అసలు తర్జనభర్జన ఇక్కడే. రెండూ లైవ్, రెండూ పెద్ద గుంపులు, రెంటిలోనూ రసెల్ పేరు అట్టమీద మొదటిది కాదు. అయినా రెండూ పూర్తిగా వేర్వేరు అనుభవాలు.

1970 మార్చిలో బ్రిటిష్ గాయకుడు జో కాకర్ అలసిపోయి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుందామని లాస్ ఏంజెలెస్ వచ్చాడు. వచ్చేసరికి అమెరికా టూర్ ఖరారైపోయి ఉంది. చేతిలో బ్యాండ్ లేదు. రసెల్ రంగంలోకి దిగి కొద్దిరోజుల్లోనే ఒక పటాలాన్ని పోగేశాడు. డ్రమ్స్ మీద జిమ్ గోర్డన్, జిమ్ కెల్ట్‌నర్, చక్ బ్లాక్‌వెల్, బేస్ కార్ల్ రేడిల్, సాక్సఫోన్ బాబీ కీస్, ట్రంపెట్ జిమ్ ప్రైస్, కోరస్‌లో రీటా కూలిడ్జ్. మార్చి 27, 28 తేదీల్లో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో జరిగిన కచేరీల్లోంచి 'మ్యాడ్ డాగ్స్ అండ్ ఇంగ్లిష్‌మెన్' రెండు ఎల్పీలు తయారయ్యాయి. అమెరికా ఆల్బమ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లాయి.

'ది లెటర్' పాట ఒక్కటి తీసుకుని చూస్తే రసెల్ చేసిన పని తెలుస్తుంది. బాక్స్ టాప్స్ 1967లో పాడిన అసలు పాట రెండు నిమిషాలు కూడా ఉండదు, గబగబా అయిపోతుంది. ఇక్కడ రసెల్ దాన్ని రెట్టింపు నిడివికి సాగదీశాడు. పియానో ఒక బరువైన వరసని పదేపదే కొడుతూ మొదలవుతుంది. దాని మీదకి ట్రంపెట్, సాక్సఫోన్ ఎక్కుతాయి. కాకర్ గొంతు చించుకుంటాడు, కోరస్ అందుకుంటుంది. గాయకుడు కాకరే. కానీ ఎప్పుడు ఎవరు ఆగాలి, ఎప్పుడు విరుచుకుపడాలి అన్నది పియానో చెబుతోందని రెండోసారి వింటే స్పష్టంగా తెలుస్తుంది. కాకర్ కచేరీని రసెల్ కాజేశాడన్న విమర్శ అప్పట్నుంచీ ఉంది. వింటే ఆ మాటలో కొంత నిజం లేకపోలేదనిపిస్తుంది. టూర్ అయ్యేసరికి కాకర్ కుదేలైపోయాడు, రసెల్ స్టార్ అయ్యాడు.

ఈ ఆల్బమ్‌లోనే రీటా కూలిడ్జ్ 'సూపర్‌స్టార్' పాడుతుంది. రసెల్, బానీ బ్రామ్‌లెట్ రాసిన ఈ పాట మరుసటి ఏడాది కార్పెంటర్స్ చేతిలో పెద్ద హిట్ అయింది. కార్పెంటర్స్ దారిలో వచ్చినవాళ్లు ఈ రెండూ వెంటవెంటనే వినాలి. కేరెన్ కార్పెంటర్ గొంతులోని నిండుదనం రీటా దగ్గర ఉండదు. దాని బదులు రాత్రి కచేరీ అయ్యాక బస్సులో కూర్చుని పాడుకుంటున్నట్టు ఒక అలసట ఉంటుంది. పాటకి అదే ఎక్కువ నప్పుతుందని నాకనిపిస్తుంది. వాదించేవాళ్లు వాదించవచ్చు.

బంగ్లాదేశ్ కచేరీ సంగతి వేరు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, రవిశంకర్ కోరిక మీద బీటిల్స్ మాజీ సభ్యుడు జార్జ్ హారిసన్ ఏర్పాటు చేసినది. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండు ప్రదర్శనలు. మొదట రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. శ్రుతి చేసుకోవడం అవగానే జనం చప్పట్లు కొడితే, శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ సున్నితంగా అన్న సందర్భం ఇదే. మన శ్రోతలకి ఈ ఆల్బమ్‌లో మొదటి వైపే ఎక్కువ దగ్గర కావచ్చు.

రాక్ భాగంలో రసెల్ చేసినవి మూడు పనులు. 'బివేర్ ఆఫ్ డార్క్‌నెస్' హారిసన్ నిదానంగా పాడుతుంటాడు, ఒక చరణం దగ్గర రసెల్ అందుకుంటాడు, ఒక్కసారిగా పాట రంగు మారిపోతుంది. తరవాత 'జంపింగ్ జాక్ ఫ్లాష్', 'యంగ్ బ్లడ్' కలిపిన మెడ్లీలో కొన్ని నిమిషాలపాటు ఆ వేదిక అతనిదే. మూడోది ఎక్కువమంది గమనించరు. బాబ్ డిలన్ పాడుతున్నప్పుడు వెనక హారిసన్ గిటార్, రింగో స్టార్ టాంబరీన్ వాయిస్తుంటే, బేస్ గిటార్ పట్టుకుని నిలబడ్డది రసెల్. అప్పుడే హాలునంతా ఊపేసిన మనిషి పియానో వదిలి పక్కకెళ్లి నాలుగు తీగల మీద అవసరమైనంతే వాయిస్తాడు. సెషన్‌లో పెరిగినవాడికి మాత్రమే అంత తేలిగ్గా సాధ్యమయ్యే మార్పు అది.

మరి ఏది ఎంచుకోవాలి? రసెల్ కోసమే అయితే మ్యాడ్ డాగ్స్. అందులో అతను లేని నిమిషం లేదు. బంగ్లాదేశ్ ఆల్బమ్ మూడు ఎల్పీల్లో అతను ముందుకొచ్చేది తక్కువసేపు. కానీ వీడియో చూసే అవకాశం ఉంటే నా సలహా తారుమారవుతుంది. కంటితో చూస్తే బంగ్లాదేశ్ కచేరీలో అతని పాత్ర అర్థమైనంత స్పష్టంగా ఇంకెక్కడా అర్థం కాదు.

## ముందు: 1970 ఆల్బమ్

సొంత పేరు పెట్టుకున్న 'లియాన్ రసెల్' ఆల్బమ్ 1970లో, డెన్నీ కోర్డెల్‌తో కలిసి తాను మొదలుపెట్టిన షెల్టర్ రికార్డ్స్ నుంచి వచ్చింది. కొంత భాగం లండన్‌లో రికార్డయింది. హారిసన్, రింగో, ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్, రోలింగ్ స్టోన్స్ నుంచి చార్లీ వాట్స్, బిల్ వైమన్, అందరూ ఉన్నారు. ఈ జాబితా చూసి ఆల్బమ్ పెట్టుకుంటే నిరాశ తప్పదు, ఎవరూ ప్రత్యేకంగా వినిపించరు. ఏళ్ల తరబడి ఇతరుల పాటల్లో కలిసిపోయి వాయించినవాడు, తన వంతు వచ్చినప్పుడు పెద్దపెద్దవాళ్లని అదే పద్ధతిలో తన పాటలో కలిపేసుకున్నాడు.

మొదటి పాట 'ఎ సాంగ్ ఫర్ యూ'. దీన్ని గీటురాయిగా పెట్టుకోండి. పియానో ఒక్కటే మొదలవుతుంది, లయకి కట్టుబడకుండా, వెతుక్కుంటున్నట్టుగా. తరవాత ఆ గొంతు. వేలమంది ముందు పాడిన గాయకుడు, ఎవరూ లేనప్పుడు ఒకే ఒక్కరికి క్షమాపణ చెప్పుకోవడం పాట సారాంశం. పాడటం కన్నా మాట్లాడటానికే దగ్గరగా ఉంటుంది. దీన్ని ఎందరో పాడారు. డానీ హాథవే 1971లో పాడిన దాంట్లో గొంతు ఎంతో అందంగా ఎక్కిదిగుతుంది. కార్పెంటర్స్ 1972లో తమ ఆల్బమ్‌కి దీని పేరే పెట్టారు. రే చార్లెస్ 1990లలో పాడి గ్రామీ గెలిచాడు. పాట అందం వినాలంటే హాథవే దగ్గరికి వెళ్లండి. ఆ క్షమాపణ నమ్మాలంటే రసెల్ దగ్గరికి రావాలి. రెండుసార్లు విన్నాక కూడా రసెల్ పాడింది మీకు పడకపోతే ఈ మనిషి గొంతు మీకు కుదరదు. అప్పుడు వెనక, పక్కన ఉన్న దారులే మీవి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పడితే, మిగతా ఆల్బమ్ వరసగా వింటూ పోవచ్చు. 'డెల్టా లేడీ' అప్పటికే కాకర్ పాడి ప్రసిద్ధం చేశాడు. రీటా కూలిడ్జ్‌ని తలుచుకుని రాసిన పాట. 'హమ్మింగ్‌బర్డ్' బ్లూస్ దిగ్గజం బి.బి. కింగ్ కూడా పాడాడు. అందరికీ ఈ ఆల్బమ్‌నే ముందు చెప్పడానికి కారణం ఇదే. ఒక్క ఎల్పీలో గొంతు, పియానో, రచన, గుంపుని నడిపే తీరు అన్నీ కొలిచిచూసుకోవచ్చు. ఇందులో ఏది నచ్చిందో దాన్నిబట్టి తరవాతి దారి తెలుస్తుంది.

## ముందు: తక్కినవి

'కార్నీ' (1972) అమెరికాలో రెండో స్థానానికి చేరింది. అమ్మకాలు చూసి కొనేవాళ్లు దీంతోనే మొదలుపెడతారు. మొదటి వైపు 'టైట్ రోప్' లాంటి చక్కటి, బిగువైన పాటలు. రెండో వైపు తిప్పగానే వింత శబ్దాల ప్రయోగాలు, చుట్టూ మూగే భజనపరుల్ని వెక్కిరించే పాట. ఇవి దాటుకుని వెళ్తే చివరికి ముందు 'దిస్ మాస్క్వరేడ్' వస్తుంది. జార్జ్ బెన్సన్ 1976లో పాడి గ్రామీల్లో రికార్డ్ ఆఫ్ ది ఇయర్ సాధించిన పాట ఇది. జాజ్ ఛాయలున్న ఆ స్వరక్రమం కీబోర్డ్ నేర్చుకునేవాళ్లు తప్పకుండా వాయించి చూడాలి. 1970 ఆల్బమ్ మరీ చర్చి వాసన వేస్తోందనిపించినవాళ్లకి కార్నీ రెండో మెట్టుగా బాగుంటుంది. మొదటి మెట్టుగా అయితే రెండో వైపు అయోమయంలో పడేస్తుంది.

ఈ రెంటి మధ్య వచ్చిన 'లియాన్ రసెల్ అండ్ ది షెల్టర్ పీపుల్' (1971) మంచిదే. డిలన్ పాటలు ఇతరులు ఎలా పాడారో పోల్చి చూసే అలవాటుంటే వినండి, లేకపోతే తరవాత చూసుకోవచ్చు.

'లియాన్ లైవ్'తో మాత్రం మొదలుపెట్టకండి. లాంగ్ బీచ్ కచేరీ, మూడు ఎల్పీలు, పొడుగాటి మెడ్లీలు, జనం కేకలు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లకి అద్భుతంగా ఉండి ఉంటుంది. ఇంట్లో ఇయర్‌ఫోన్స్‌తో వింటే రెండో ఎల్పీ మధ్యలోనే అలసిపోతాం.

'హ్యాంక్ విల్సన్స్ బ్యాక్' నాష్‌విల్ సెషన్ కళాకారులతో చేసిన పాత కంట్రీ పాటల ఆల్బమ్. రాక్ స్టార్‌గా శిఖరం మీద ఉండగా, హ్యాంక్ విల్సన్ అనే మారుపేరుతో తన చిన్నప్పటి పాటలు పాడుకున్నాడు. కంట్రీ పరిచయం ఉన్నవాళ్లకి అతని గొంతు ఇక్కడే అన్నిటికన్నా సహజంగా అనిపిస్తుంది, ఆ ముక్కు పలుకు కంట్రీలో లోపం కాదు కదా. ఇది నచ్చితే 1979లో విల్లీ నెల్సన్‌తో చేసిన 'వన్ ఫర్ ది రోడ్' కూడా వినండి. అందులోని 'హార్ట్‌బ్రేక్ హోటల్' కంట్రీ పట్టికలో నంబర్ వన్ అయింది.

1970ల చివరినుంచి చాలాకాలం అతను పెద్ద వేదికలకి దూరమయ్యాడు. ఆ మధ్యకాలపు ఆల్బమ్‌లు అభిమానుల కోసం. కొత్తవాళ్లకి చెప్పను.

## మళ్లీ పక్కన: ది యూనియన్

1970లో ఎల్టన్ జాన్ అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలో రసెల్ అతనికన్నా పెద్ద పేరు. రసెల్ కచేరీకి ముందు ఎల్టన్ వాయించేవాడు. నలభై ఏళ్లకి పరిస్థితి తలకిందులైంది. రసెల్‌ని వెతికి పట్టుకుని, టి బోన్ బర్నెట్ నిర్మాతగా 2010లో 'ది యూనియన్' చేయించాడు ఎల్టన్. రికార్డింగ్ మొదలవబోయే రోజుల్లో రసెల్‌కి మెదడు శస్త్రచికిత్స కూడా జరిగింది. ఆల్బమ్ అమెరికాలో మూడో స్థానానికి చేరింది. మరుసటి ఏడాది రసెల్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, పరిచయం చేసింది ఎల్టనే. అయితే చేర్చింది గాయకుల విభాగంలో కాదు. అంతకుముందు సైడ్‌మెన్ అని పిలిచి, తరవాత మ్యూజికల్ ఎక్సలెన్స్ అని పేరు మార్చిన విభాగంలో. కొందరికి ఇది చిన్నచూపులా అనిపించింది. నాకు మాత్రం సరైన చోటే అనిపిస్తుంది.

వినడానికి తేలికైనది ఇదే. రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది, ఎల్టన్ గొంతు మధ్యమధ్య వచ్చి చెవికి విశ్రాంతినిస్తుంది. దీని ఇబ్బంది కూడా అదే. అరవై ఎనిమిదేళ్ల రసెల్ గొంతు సన్నబడింది, బర్నెట్ కూర్పు అన్నిటినీ ఒకే ముదురు రంగులో ముంచేసింది. ఎల్టన్ అభిమానులు దీంతో మొదలుపెడితే తప్పులేదు. కాకపోతే రసెల్ అంటే నిదానంగా పాడే పెద్దాయన అనుకునే ప్రమాదం ఉంది. దీని వెంటనే మ్యాడ్ డాగ్స్‌లో ఏదో ఒక పాట వినండి.

## మీకు ఏది?

ఒక్క సాయంత్రమే ఉంటే: 1970 ఆల్బమ్. అందులో కూడా ఆఖరి పాటలకి ఓపిక లేకపోతే 'హమ్మింగ్‌బర్డ్' దాకా.

గరుకు గొంతు అసలు పడనివాళ్లకి: ఇతరులు పాడిన రసెల్ పాటలు. 'సూపర్‌స్టార్' కార్పెంటర్స్‌ది, 'ఎ సాంగ్ ఫర్ యూ' హాథవేది, 'దిస్ మాస్క్వరేడ్' బెన్సన్‌ది. రచయితగా అతను ఎంతటివాడో ఈ మూడింటితో తెలుస్తుంది. ఆ తరవాత అతని గొంతుతో అవే పాటలు వింటే మొదటిసారి పెట్టిన ఇబ్బంది సగం తగ్గుతుంది.

కీబోర్డ్ వాయించేవాళ్లకి: కార్నీ, మ్యాడ్ డాగ్స్. ఎడమచెయ్యి ఏం చేస్తోందో వినండి. ఒకటి స్టూడియోలో, ఒకటి వేదిక మీద, కాబట్టి పోల్చుకోవచ్చు.

బ్యాండ్ నడుపుతున్నవాళ్లకి, ఆర్కెస్ట్రా కూర్చేవాళ్లకి: ముందు మ్యాడ్ డాగ్స్, తరవాత గ్యారీ లూయిస్ పాటలు. కొద్దిరోజుల్లో పోగేసిన అంతమందితో ఏ ఒక్కరూ ఇంకొకరి మీద పడకుండా ఎలా వాయింపజేశాడన్నది గమనించాల్సిన విషయం. ఇది తీరిగ్గా, మంచి స్పీకర్ల మీద వినాల్సింది.

బీటిల్స్ అభిమానులకి: బంగ్లాదేశ్ వీడియో, ఆ తరవాత 1970 ఆల్బమ్.

సంకలనాల గురించి ఒక మాట. బెస్ట్ ఆఫ్ పేరుతో వచ్చినవి చాలా ఉన్నాయి. ఎక్కువగా షెల్టర్ కాలం పాటలనే తిప్పితిప్పి ఇస్తాయి. ఇతరుల పక్కన వాయించినవి వాటిలో ఉండవు కాబట్టి, అసలు మనిషిలో సగం తప్పిపోతుంది. మ్యాడ్ డాగ్స్‌కి కూడా తరవాత్తరవాత అదనపు పాటలతో పెద్ద ఎడిషన్లు, ఫిల్మోర్ కచేరీలన్నీ కలిపిన పెట్టె కూడా వచ్చాయి. యాప్‌లో అవి ముందు కనిపిస్తే కంగారు పడకండి. పాత రెండు ఎల్పీల వరస వెతికి పెట్టుకోండి, మిగిలిన రాత్రుల రికార్డింగులు కావాలనిపిస్తే తరవాత చూసుకోవచ్చు.